దయ్యాల చిత్రాలూ మన విమర్శ దృష్టీ

తెలుగు సినిమా విమర్శ చరిత్రను ఎవరైనా రాయబూనితే అందులో ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. సాంఘిక చిత్రాలను గురించి మనవారు చాలా రాశారు. ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) మొదలుకొని ‘రోజులు మారాయి’ (1955) వరకు ఏ చిత్రం ఏ వర్గం పక్షాన నిలబడిందో తర్కించారు. పౌరాణిక చిత్రాలను గురించి, మెచ్చుకుంటూనో తప్పుపడుతూనో, రాశారు. కాని మాయలు మంత్రాల చిత్రాలు, దయ్యాల చిత్రాలు వచ్చేసరికి మన కలం చాలావరకు ఒకే మాట దగ్గర ఆగిపోయింది. ఇవి పలాయనవాద చిత్రాలు, మూఢనమ్మకాలను పెంచే సరుకు, వీటిని చర్చించడం కాలహరణం - ఇదీ తీర్పు. ఈ తీర్పులో నిజం లేకపోలేదు. అయితే తీర్పు ముందే చెప్పేసి విచారణ మానుకోవడం విమర్శ అనిపించుకోదు.

ఈ విషయం ఇప్పుడెందుకు ఎత్తవలసి వచ్చిందంటే, మా కుర్రవాళ్ళ వల్ల. చోడవరం చెరకు పండే ప్రాంతం. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలోను, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలోను వున్న చిన్న పట్టణం. ఇక్కడి కళాశాలలో నేను ప్రబంధాలు చెబుతున్నాను. నా ఎదుట కూర్చున్న పిల్లలు జపాను బొమ్మల చిత్రాలు, కొరియా దయ్యాల చిత్రాలు, థాయిలాండు భయానక చిత్రాలు ఫోనులో చూసి వస్తున్నారు. కొన్నిటికి తెలుగు మాటలు కూడా తగిలించి వున్నాయి. రసాధ్యాయం చెబుతున్న రోజున ఒక విద్యార్థి లేచి, “భయానక రసానికి ఉదాహరణగా సినిమా చెప్పవచ్చునా మాస్టారూ?” అని అడిగాడు. చెప్పవచ్చునన్నాను. అతడు చెప్పిన చిత్రం నేను చూడలేదు. చూసి వుంటే దానిని ఎలా అంచనా కట్టాలో నాకు మన విమర్శ ఏమైనా నేర్పిందా అని ఆలోచిస్తే, లేదనే తేలింది. అందుచేత చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళ్ళవలసి వున్నది.

మన దయ్యాల చిత్రాలకు పూర్వరంగం జానపద చిత్రాలు. 1942లో జెమినీ సంస్థ సి. పుల్లయ్య దర్శకత్వంలో ‘బాలనాగమ్మ’ తీసింది. బుర్రకథగా పల్లెపల్లెకూ తెలిసిన కథ అది. మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావును, బాలనాగమ్మగా కాంచనమాలను జనం విరగబడి చూశారు. 1949లో మీర్జాపురం రాజా ‘కీలుగుర్రం’, కె.వి. రెడ్డి ‘గుణసుందరి కథ’ వచ్చాయి. 1951 మార్చి 15న విజయావారి ‘పాతాళభైరవి’ విడుదలయింది. పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలూ చదివి పెరిగిన తరానికి ఆ లోకం కొత్తది కాదు. కొత్తదల్లా దానిని కళ్ళతో చూడడం.

‘పాతాళభైరవి’ని పలాయనవాదమని కొట్టిపారెయ్యడం సులభం. కాని కథను ఒకసారి ఎత్తి చూడండి. తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమించాడు. రాజు అతని కులగుణాలు పరీక్షించలేదు. మాతో సమానంగా సంపద వున్నదా అని అడిగాడు. లేనివాడు కనుకనే కుర్రవాడు మాంత్రికుని చేతిలో పడ్డాడు. మాంత్రికుడికి కావలసినదీ అదే: బలి ఇవ్వడానికి సాహసవంతుడైన యువకుడు. పేదవాని సాహసాన్ని తన లాభానికి బలిపెట్టబోయే పెద్దమనిషి - 1951 నాటి నేల తరగతి ప్రేక్షకుడికి ఈ మనిషి అపరిచితుడా? పొలంలో, మిల్లులో, అంగడిలో ఆ ప్రేక్షకుడు రోజూ చూసేవాడే. చివర కష్టాలన్నీ విగ్రహం వల్ల తీరిపోవడం ఆ చిత్రపు బలహీనత. సమస్య నిజమైనది, పరిష్కారం కల్ల. విమర్శకుడు ఈ రెంటినీ విడదీసి చూపవలసింది. మనవారు పరిష్కారాన్ని చూసి సమస్యను కూడా విడిచిపెట్టారు.

ఇక్కడ ఇంకొక విషయం మరవరాదు. ఈ అద్భుత లోకాన్ని తెలుగు పిల్లలకు నెలనెలా అందించిన వారు ఎవరు? 1947లో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన ‘చందమామ’కు 1952 నుంచి 1980లో మరణించే వరకు పనిచేసినవారు కొడవటిగంటి కుటుంబరావు. మార్క్సిస్టు దృక్పథాన్ని జీవితమంతా నిలుపుకున్న రచయిత ఆయన. సినిమాను గురించి నిశితంగా రాసిన విమర్శకుడు కూడా. ఆ పత్రికలోనే ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలను రాసిన దాసరి సుబ్రహ్మణ్యం హేతువాది. మంత్రాలు లేవని గట్టిగా నమ్మినవారే మాంత్రికుల కథలు అంత రసవత్తరంగా రాశారు. ఆ కథలు చదివిన పిల్లలు చేతబడిని నమ్మేవారుగా తయారయ్యారని ఎవరూ అనలేదు. దీనివల్ల తేలేదేమిటి? కథలో దయ్యం వుండడం వేరు, కథ చదివినవానికి దయ్యం మీద నమ్మకం కుదరడం వేరు. మొదటిది కల్పన, రెండవది ప్రచారం. ఈ భేదం మన పెద్దలకు ఆచరణలో తెలుసు. దానిని సిద్ధాంతంగా చెప్పడం మాత్రం జరగలేదు.

తరువాతి ఘట్టం విఠలాచార్యది. 1920లో ఉడిపి ప్రాంతంలో పుట్టి, హోటలు నడిపి, టూరింగు టాకీసు నడిపి, సినిమా తీయడానికి వచ్చిన మనిషి ఆయన. జనం దేనికి డబ్బు ఇస్తారో గుడారం దగ్గర నిలబడి నేర్చుకున్నాడు. ‘జయవిజయ’ (1959), ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965), ‘గండికోట రహస్యం’ (1969) - వరసగా తీశాడు. తక్కువ ఖర్చు, వేసిన సెట్టునే మళ్ళీ మళ్ళీ వాడుకోవడం, త్వరగా ముగించడం ఆయన పద్ధతి. కథానాయకుడికి తీరిక దొరక్కపోతే అతన్ని చిలకగానో మేకగానో మార్చి షూటింగు సాగించేవాడని సినిమావారు నేటికీ చెప్పుకుంటారు. మాయలన్నీ కెమెరాలోనే చేసుకోవాలి. కెమెరా ఆపి, నటులను కదలవద్దని చెప్పి, ఒకరిని తప్పించి మళ్ళీ తిప్పితే మనిషి మాయమవుతాడు. కటకం సగం మూసి ఒకసారి, రెండవ సగం మూసి మరొకసారి అదే ఫిలిం మీద తీస్తే ఒక్కడు ఇద్దరవుతాడు. నల్లటి తీగ మీద కత్తి ఎగురుతుంది. ఇది చేతిపని. నగల పనివానికి, నేతగానికి మనం ఇచ్చే గౌరవం ఈ పనివారికి మన విమర్శ ఇవ్వలేదు.

ఆయన ‘జగన్మోహిని’ (1978) సంగతి చూడండి. దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళు పెట్టి వంట చేసే దృశ్యం తెలుగునాట అందరికీ తెలుసు. అది పల్లె ముసలమ్మలు చెప్పే కథలోనిదే. భయపడవలసిన చోట జనం పగలబడి నవ్వుతారు. దయ్యం కూడా కోడలి లాగ పొయ్యి దగ్గర చాకిరీ చెయ్యవలసిందే కదా! ఆ దయ్యం అసలు ఎవరు? రాజు చేతిలో మోసపోయి చచ్చిన పల్లెపడుచు. ఆమె పగకు కారణం వున్నది. కాని చిత్రం చివరకు ఆ కారణం పక్షాన నిలబడదు. పతివ్రత అయిన ఇల్లాలి పక్షాన, దైవం పక్షాన నిలబడి దయ్యాన్ని వెళ్ళగొడుతుంది. మోసం చేసిన రాజరికాన్ని ఎవరూ ప్రశ్నించరు. మోసపోయిన ఆడది దయ్యమయింది కనుక శిక్ష ఆమెకే. భూస్వామ్య నీతి ఎక్కడ ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకన్న మంచి పాఠం ఏ సాంఘిక చిత్రంలో దొరుకుతుంది? నగ్నత్వపు చిత్రమని, చౌకబారు చిత్రమని తోసివేసినందువల్ల ఈ పాఠాన్ని మనం చెప్పలేకపోయాం.

ఇంకా వెనక్కి వెళ్ళి ‘కీలుగుర్రం’ చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. రాజు అడవిలో దొరికిన అందగత్తెను తెచ్చుకుంటాడు. ఆమె రాక్షసి. రాత్రివేళ కోటలోని జంతువులను తిని నేరాన్ని పెద్దరాణి మీదికి నెడుతుంది. రాజు నమ్ముతాడు, కొలువు నమ్ముతుంది. గర్భవతి అయిన రాణి అడవి పాలవుతుంది. ఆమె కొడుకు పెరిగి నిజం బయటపెట్టవలసి వస్తుంది. నిరపరాధి అయిన స్త్రీని రాక్షసి అని ఊరంతా కలిసి వెళ్ళగొట్టడం - ఇదే ఆ కథకు మూలం. ఇందులో చిత్రం గొప్పతనమూ, దాని పరిమితీ కూడా వున్నాయి. నింద మోపబడిన స్త్రీ మీద మనకు జాలి పుట్టించింది, అది గొప్పతనం. అయితే రాక్షసి వున్నది, పొరపాటల్లా ఇంకొకర్తెను పట్టుకోవడమే అని చెప్పింది; అది పరిమితి. ఈ పరిమితి సినిమా తెరతో ఆగిపోయేదైతే దీని మీద ఇంత చర్చ అక్కరలేదు.

మా చోడవరం నుంచి మాడుగుల మీదుగా ఘాటు ఎక్కితే పాడేరు వస్తుంది. అక్కడి మన్యంలో ‘చిల్లంగి’ అనే మాట వున్నది. మైదానంలో చేతబడి, తెలంగాణలో బాణామతి అనేది ఇదే. బిడ్డ జ్వరంతో పోయినా, పశువు చచ్చినా, ఫలానా వారు చిల్లంగి పెట్టారని అనుమానం పుడుతుంది. ఆ అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు పత్రికలలో ఇప్పటికీ వస్తూనే వున్నాయి. చచ్చేవారు బలవంతులు కారు. ముసలివారు, వితంతువులు, భూమి తగాదాలో ఒంటరిగా మిగిలినవారు. దీనికి కొండవారి అజ్ఞానమే కారణమని పట్నంలో కూర్చుని అనడం అన్యాయం. జ్వరానికి మందు వేళకు అందని చోట, మరణానికి కారణం చెప్పేవాడు లేని చోట, మంత్రగాడు కారణం చెబుతాడు. వాస్తు చూపించి గుమ్మం మార్చే పట్నపు చదువరికి ఆ కొండ మనిషిని చూసి నవ్వే అర్హత లేదు. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ జీవితమంతా ఈ దురాచారాల మీద పోరాడి 2013 ఆగస్టులో హంతకుల తుపాకికి బలి అయిన తరువాత గాని అక్కడ చట్టం రాలేదు. కనుక దయ్యాన్ని గురించి, చేతబడిని గురించి తెర మీద ఏ మాట చెప్పినా అది కొండ మీద ఒక గుడిసె దాకా వెళ్ళి తగులుతుందని జ్ఞాపకం వుంచుకోవాలి.

ఈ దృష్టితో చూస్తే 1980ల ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ చేసిన తీవ్ర విమర్శకు విలువ తెలుస్తుంది. చేతబడికి శాస్త్రంతో సమానమైన పీట వేయడమే ఆ నవల మీద అభ్యంతరం. దయ్యం వున్నందుకు కాదు, దయ్యానికి సాక్ష్యం పుట్టించినందుకు. అభ్యుదయ విమర్శ ఆ రోజున చేయవలసిన పని చేసింది. కాని ఆ పనిని అక్కడితో ముగించి, తరువాత వచ్చిన చిత్రాలను పట్టించుకోలేదు. 1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ దయ్యాన్ని కోటలోంచి తీసి మధ్యతరగతి ఇంట్లో పెట్టింది. 2009లో కోడి రామకృష్ణ ‘అరుంధతి’ గద్వాల సంస్థానపు గోడల మధ్య జమీందారీ కామాన్ని దయ్యంగా చూపింది. ఆ దయ్యాన్ని ఎదిరించేది స్త్రీ కావడం విశేషం. కాని ఆమె బలం కూడా వంశం నుంచీ, పూర్వజన్మ నుంచీ వచ్చినదే. 2023 నాటి ‘విరూపాక్ష’లో క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక దంపతులను ఊరంతా కలిసి చంపుతుంది. మన వార్తాపత్రికలలోని ఘోరమే అది. అంతవరకు చిత్రం మనల్ని గుంపు మధ్య నిలబెట్టి సిగ్గుపడేటట్టు చేస్తుంది. తరువాత ఊరి మీద పడే పగ కూడా క్షుద్రవిద్య రూపంలోనే వస్తుంది గనుక, గుంపు భయపడినది నిజమేనన్న భావం ప్రేక్షకునిలో మిగిలిపోతుంది. ఈ చిత్రం కోట్లు వసూలు చేసింది. దీనిని గురించి మన పత్రికలలో ఎన్ని వ్యాసాలు వచ్చాయి?

ఇతర దేశాలలో ఏమి జరిగిందో చూడడం ఇక్కడ ఉపకరిస్తుంది. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చింది. దాని బూడిద జపాను చేపల పడవ ‘ఐదవ ఫుకుర్యూ మారు’ మీద పడి 23 మంది జాలరులు జబ్బుపడ్డారు. సెప్టెంబరులో వారిలో ఒకరు మరణించారు. నవంబరు 3న ఇషిరో హోండా ‘గొజిరా’ విడుదలయింది. బాంబు పరీక్షలతో సముద్రగర్భం నుంచి లేచి టోకియోను తగలబెట్టే జంతువు కథ. జాతి మొత్తం అనుభవించిన భయాన్ని బొమ్మ కట్టిన చిత్రమది. అయినా ఆనాటి జపాను విమర్శకులలో పలువురు దానిని చప్పరించి వదిలారు. రబ్బరు చొక్కా తొడుక్కున్న మనిషిని చూశారు, ఆ చొక్కా వెనుక హిరోషిమాను చూడలేదు.

కనెటో షిండో 1952లో ‘హిరోషిమా బిడ్డలు’ తీసిన దర్శకుడు. హిరోషిమా ప్రాంతంలో పుట్టినవాడు. ఆయనే 1964లో ‘ఒనిబాబా’ తీశాడు. రాజులు కొట్టుకుంటున్న కాలం; పంటలు లేవు. రెల్లుగడ్డి మధ్య ఒక గుడిసెలో అత్తాకోడళ్ళు దారి తప్పిన సైనికులను చంపి, కవచాలు అమ్మి, జొన్నలు తెచ్చుకు తింటూ వుంటారు. కోడలు ఇంకొకనితో పోతుందేమోనని అత్త రాక్షసి ముసుగు వేసుకుని ఆమెను భయపెడుతుంది. ముసుగు ముఖానికి అంటుకుపోయి ఊడి రాదు. ఊడదీసినప్పుడు కనిపించే ముఖానికి అణుబాంబు బాధితుల ముఖాలే ఆధారమని దర్శకుడు చెప్పాడు. ఈ చిత్రంలో దయ్యం లేదు. ఆకలి వున్నది, యుద్ధం వున్నది. అవి మనిషికి రాక్షసి ముసుగు తొడుగుతాయి. భయానక చిత్రం అభ్యుదయకరంగా వుండగలదా అని ఎవరైనా అడిగితే దీనిని చూపితే చాలు.

మన ప్రాచీనులు భయాన్ని చిన్నచూపు చూడలేదు. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం, బీభత్సం, అద్భుతం మూడూ వున్నాయి. బీభత్సం నుంచి భయానకం పుడుతుందని కూడా ఆయన చెప్పాడు. అసహ్యించుకునేదానిని చూసే మనిషి భయపడతాడన్నమాట. కులం, దారిద్ర్యం, రోగం - సమాజం ఎవరిని అసహ్యించుకున్నదో వారినే దయ్యంగా చూడడం మనకు అనుభవమే. కాని అదే శాస్త్రం, భయం స్త్రీలకూ నీచప్రకృతులకూ చెందిన భావమని కూడా అన్నది. ఉత్తముడు రాజుకూ గురువుకూ మాత్రమే భయపడాలి! లక్షణకర్తలు ఎవరి పంక్తిలో కూర్చుని రాశారో దీనివల్ల తెలుస్తుంది. రసచర్చను మనం తీసుకోవలసిందే; దాని వెనుక వున్న వర్గదృష్టిని తీసివేసి మరీ తీసుకోవాలి. విశ్వవిద్యాలయాలలో ప్రబంధానికి మాత్రమే రసం వర్తిస్తుందన్నట్టు చెప్పడం మానాలి.

ఇప్పుడు మనకు రెండు ప్రమాదాలు వున్నాయి. ఒకటి పాతది: చూడకుండానే తిట్టడం. రెండవది కొత్తది: చూసి పూజించడం. కొందరు యువకులు తమకు నచ్చిన చిత్రాన్ని ఒక మతంలాగ పట్టుకుంటున్నారు. ఎంత విచిత్రంగా వుంటే అంత గొప్పదని, ఎంత రక్తం కారితే అంత నిజాయితీ అని, జనానికి అర్థం కాకపోవడమే ఘనత అని వారి వాదం. మెచ్చుకునేవాడు లెక్కపెట్టేది తలలు తెగిన తీరును. తెగిన తల ఎవరిదని అడగడు. ఇదీ విమర్శ కాదు. ఆ యువకులను నిందించి లాభం లేదు. విమర్శ ఖాళీగా వదలిన చోట భక్తి వచ్చి కూర్చున్నది.

అయితే ఈ చిత్రాలను ఎలా తూచాలి? దయ్యం వున్నదా లేదా అన్న ప్రశ్న చాలదని పైన చెప్పిన ఉదాహరణల వల్ల తేలింది. నా మట్టుకు మూడు ప్రశ్నలు ముఖ్యమనిపిస్తాయి. ఈ భయం ఎక్కడ నుంచి పుట్టింది - అన్యాయం నుంచా, కేవలం చప్పుడు నుంచా? చిత్రం చివరకు ఎవరిని దోషిగా నిలబెట్టింది - బలవంతుడినా, బలహీనుడినా? చూసి ఇంటికి వెళ్ళిన మనిషి పొరుగింటి ముసలమ్మను చూసి జాలిపడతాడా, అనుమానపడతాడా? వీటికి జవాబులు అన్ని చిత్రాలకూ ఒకటిగా రావు. ఒకే చిత్రంలో మొదటి సగానికి ఒక జవాబు, రెండవ సగానికి ఇంకొక జవాబు రావచ్చు. అలా వచ్చినప్పుడు అలాగే చెప్పాలి. పనితనాన్ని మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి.

మా విద్యార్థి చెప్పిన చిత్రాన్ని తరువాత చూశాను. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ అనే జపాను బొమ్మల చిత్రం. 2025 సెప్టెంబరులో తెలుగు మాటలతో సహా మన దేశంలో విడుదలయింది. కత్తియుద్ధాలు నాకు మితిమీరినట్టే తోచాయి. వ్యక్తి సాహసం తప్ప ప్రపంచానికి వేరే మందు లేదన్నట్టు నడిచే కథ. కాని అందులో ఒక రాక్షసుని గతం చెబుతారు. వాడు ఒకనాడు మనిషి. జబ్బుపడిన తండ్రికి మందు కొనడానికి డబ్బు లేక దొంగతనం చేసిన పిల్లవాడు. పట్టుకుని కొట్టి, చేతుల మీద దొంగ అని పచ్చ పొడిచారు. కొడుకు దొంగ సొమ్ముతో బతకలేక తండ్రి ఉరి పోసుకున్నాడు. హాలులో ఆ ఘట్టం వచ్చినప్పుడు పిల్లలు ఈలలు ఆపి కూర్చున్నారని నా విద్యార్థి చెప్పాడు. రాక్షసుడు పుట్టలేదు, తయారుచేయబడ్డాడు అని అతడు తన మాటలలో రాసి తెచ్చి ఇచ్చాడు. మందు కొనలేని ఇల్లు మా ప్రాంతపు పిల్లలకు జపాను నుంచి తెచ్చి చూపవలసిన వింత కాదు.

ఆ కాగితం నేను దిద్ది ఇచ్చాను. అచ్చుతప్పులు వున్నాయి, వాక్యాలు పొడుగయ్యాయి. కాని ‘కీలుగుర్రం’ వచ్చి డెబ్బయి ఆరేళ్ళు గడిచినా మన విమర్శ అడగని ప్రశ్న అందులో వున్నది. ఆ పిల్లవానికి మన విమర్శకులు సాయపడాలి. ఈ చిత్రాలను చూడాలి, చరిత్ర తెలుసుకోవాలి, మంచిచెడ్డలు విడదీసి రాయాలి. మనం రాయకపోయినా జనం ఈ చిత్రాలు చూడడం మానరు. రాస్తే, చూసిన జనంలో కొందరైనా, చిల్లంగి పెట్టిందని ఊరు వేలు చూపిన మనిషి వైపు నిలబడి ఆలోచిస్తారు. కొండ మీద ఒక ముసలమ్మ ప్రాణం ఆ ఆలోచన మీద ఆధారపడి వుండవచ్చు.